మయసభలో దీపము

రామభజనమునకై దీపము చుట్టు చేరెడి బంధువులారా,

మానవుడు తన చేతులతో కట్టిన దానిలో తానే దారి తప్పుట ఈ కాలమున పుట్టిన వింత కాదు. మన ఇతిహాసములు ఆ సంగతిని ఎన్నడో చెప్పియున్నవి. అయినను నేడు ఎచ్చట చూచినను పెద్దల నోట ఒకే మాట వినబడుచున్నది: "ఈ లోకము మాది కాదు. ఇందు ఏది నిజమో, ఏది బొమ్మయో తెలియకున్నది." యువకులును అదే మాటను వేరొక విధముగా చెప్పుచున్నారు. వారికి వస్తువులకు కొదువ లేదు. కాని ఎచ్చటను తమకొక చోటున్నట్లు తోచదు. ఇట్టి దిగులునకు ధర్మము చెప్పు సమాధానమేమి? ఈ ప్రశ్నను ఒక ఊరిని ఎదుట నుంచుకొని విచారించుట మేలు. గాలిలో విచారించినచో మాట గాలిలోనే పోవును.

ఎడారిలో ఒక నగరము

అమెరికా దేశమున, అరిజోనా రాష్ట్రమున, ఫీనిక్స్ మహానగరమునకు ఆగ్నేయ దిక్కున చాండ్లర్ అను నగరము గలదు. పశువైద్యుడైన అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ అను నతడు అచ్చట భూమిని సంపాదించి, కాలువలు త్రవ్వించి, 1912వ సంవత్సరమున స్థలములుగా విభజించి విక్రయించెను. అంతకు ముందటి యేడు పూర్తియైన రూజ్‌వెల్ట్ ఆనకట్ట వలన ఆ నేలకు నీటి భరోసా కలిగెను. అచ్చటి కాలువలలో పెక్కు, వేయి సంవత్సరములకు పూర్వమే హొహోకామ్ అను ప్రాచీన జాతి వారు త్రవ్విన కాలువల జాడలను అనుసరించినవి. మొదట అచ్చట ప్రత్తి పండెను, ఉష్ట్రపక్షులను పెంచిరి. 1980లో ఇంటెల్ సంస్థ వచ్చి, కంప్యూటరులకు మెదడు వంటి చిన్న పలకలను తయారు చేయు కర్మాగారములను నెలకొల్పెను. 2021లో మరి రెండు పెద్ద కర్మాగారముల నిర్మాణమును ఆరంభించిరి. 2020 నాటి జనగణన ప్రకారము ఆ నగరపు జనసంఖ్య రెండు లక్షల డెబ్బది యైదు వేలకు మించినది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల నుండి వెళ్లిన తెలుగు ఇంజనీర్లును వారి కుటుంబములును అచ్చట నివసించుచున్నారు.

ఆ ఊరిలో మనుష్యుని చేయి సోకని వస్తువు అరుదు. ఒకోటీయో అను పేట యందు ఇండ్ల నడుమ సరస్సులు గలవు. అవి మనుష్యులు త్రవ్వి నింపినవి. కర్మాగారము లోపలి గాలి వడపోసిన గాలి. అచ్చట పనిచేయువారు తల నుండి పాదముల వరకు తెల్లని వస్త్రములతో కప్పుకొని యుందురు. కన్నులు తప్ప ముఖము కానరాదు. ఇంటిలోని చల్లదనము యంత్రము నుండి వచ్చును. 2023వ సంవత్సరమున ఫీనిక్స్ నందు వరుసగా 31 దినములు ఎండవేడిమి 110 డిగ్రీల ఫారన్‌హీటును, అనగా 43 సెల్సియస్ డిగ్రీలను, ముట్టెను లేక దాటెను. ఆ యేడు చాండ్లర్ చేరియున్న జిల్లాలో 645 మరణములకు ఎండ కారణమైనదని అధికారులు లెక్కించిరి. వారిలో పెక్కుమంది నిలువ నీడ లేనివారు. ఇంటిలో నున్నవారికిని, చల్లని యంత్రము చెడిపోయినప్పుడు ఆ ఇల్లే అపాయమైనది. కృత్రిమమైన చల్లదనమును తృణీకరించువారు ఈ లెక్కను మరువరాదు. ఆ యంత్రము ఉన్నవానికి ప్రాణము, లేనివానికి మరణము.

ఆ ఊరి వీథులలోనే సారథి లేని మోటారుబండ్లు తిరుగుటకు మొదలిడెను. వేమో అను సంస్థ 2018 డిసెంబరులో అచ్చట ప్రజల నెక్కించుకొనుట ప్రారంభించెను. 2020 అక్టోబరు నుండి ముందు పీఠమున మనుష్యుడే లేని బండ్లు సామాన్య ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. పిలిచినచో బండి వచ్చును, తలుపు తెరచుకొనును, చక్రము తనంతట తిరుగును, నమస్కరించుటకు ఎదుట ఎవరును ఉండరు.

రాయి విసరిన చేయి

ఇట్టి వింతను చూచి అందరును సంతోషింపలేదు. 2018తో ముగిసిన రెండు సంవత్సరములలో చాండ్లర్ వీథులయందు ఆ బండ్లపై కనీసము ఇరువదియొక్క దాడులు జరిగినట్లు పోలీసువారి పత్రముల వలన పత్రికలు ప్రకటించెను. ఒకడు చక్రమును కత్తితో చీల్చెను. కొందరు రాళ్లు విసరిరి. వృద్ధుడొకడు తన ఇంటి ముంగిట నిలిచి తుపాకి చూపెను. ఆ సంవత్సరమే మార్చి 18వ తేదీ రాత్రి, చాండ్లర్ సరిహద్దున గల టెంపీ నగరమున, సైకిలును నడిపించుకొని వీథి దాటుచున్న ఒక స్త్రీని మరియొక సంస్థ వారి పరీక్షా వాహనము ఢీకొనగా ఆమె మరణించెను. యంత్రము నడుపు బండి వలన బాటసారి మరణించుట అదియే మొదటిసారి. కావున వారి కోపమునకు కారణము లేదనరాదు. తమ వీథిని పరీక్షాశాలగా మార్చుటకు తమ్మెవరడిగిరి అని వారు తలచిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. కాని రాయి ప్రశ్నను అడుగజాలదు. అది అద్దమును పగులగొట్టును, అంతమాత్రమే.

మయసభకు వచ్చిన ఇద్దరు అతిథులు

ఈ స్థితిని మహాభారతము సభాపర్వమున మన కన్నుల ఎదుట నిలుపుచున్నది. ఖాండవవనము దగ్ధమైనప్పుడు అర్జునుని శరణు జొచ్చి బ్రతికిన మయుడు, కృతజ్ఞతతో ధర్మరాజునకు పదునాలుగు నెలలలో ఒక సభను నిర్మించి ఇచ్చెను. అందలి స్ఫటికపు నేల నీరువలె తోచును; నీరు నేలవలె తోచును; గోడ ద్వారమువలె తోచును. ఎనిమిది వేల మంది కింకరులు ఆ సభను కాచుచుండిరి, మోయుచుండిరి. వారి పేర్లు చెప్పినవారు లేరు.

ఆ సభకు వచ్చిన అతిథులలో ఇద్దరిని గూర్చి ఆలోచింపవలెను. ఒకడు దుర్యోధనుడు. అతడు నేలను చూచి నీరనుకొని వస్త్రమును ఎగదీసికొనెను. నీటిని చూచి నేల యనుకొని అందు పడెను. మూసిన స్ఫటికపు గోడను ద్వారమనుకొని నుదురు కొట్టుకొనెను. చూచినవారు నవ్విరి. ధర్మరాజు పొడి వస్త్రములు తెప్పించి ఇచ్చినను ఆ నవ్వు అతని చెవులలో మ్రోగుచునే యుండెను. తనకు అర్థముకాని లోకమున నవ్వులపాలైనవాని బాధ చిన్నది కాదు. నేడు బ్యాంకులో యంత్రము ఎదుట నిలిచి ఏ మీట నొక్కవలెనో తెలియక, వెనుకనున్న వరుస విసుగుకొనుచుండగా చెమటలు పట్టు ముసలితల్లి ఆ బాధను ఎరుగును. అచ్చట నవ్విన వారిదియు తప్పే. కాని దుర్యోధనుడు ఆ బాధను అసూయగా మార్చుకొనెను. ఆ అసూయ జూదమునకును, జూదము కురుక్షేత్రమునకును త్రోవ తీసెను.

రెండవ అతిథి అంతకు ముందే వచ్చిన నారదుడు. అతడును ఆ స్ఫటికములను చూచెను. కాని వానికి మోసపోలేదు, వానిపై అలుగలేదు. ధర్మరాజును ప్రశ్నలడుగుటకు మొదలిడెను. సేద్యము చేయువారికి విత్తనములున్నవా? వర్షమునే నమ్ముకొనకుండ చెరువులు నిండియున్నవా? భటులకు జీతము కాలమునకు ముట్టుచున్నదా? గ్రుడ్డివారిని, కుంటివారిని, దిక్కులేనివారిని తండ్రివలె చూచుచున్నావా? ఈ భావముతో ఎన్నియో ప్రశ్నలు. మయసభ ఎంత వింతయైనను నారదుని దృష్టి దానిని దాటి మనుష్యుని చేరెను. అందువలన ఆ సభ అతనిని భ్రమింపజేయలేదు.

కృత్రిమ లోకము నుండి కలుగు వెరపునకు మూలము స్ఫటికము కాదు. దాని వెనుకనున్న మనుష్యుడు మనకు కానరాకపోవుట, అతనికి మనము కానరాకపోవుట. ఈ ఉపన్యాసము చెప్పదలచినది ఈ ఒక్క సంగతియే.

మన పూర్వుల మయసభ

"ఆ దూరపు ఎడారి నగరముతో మారిషస్ ద్వీపపు తెలుగువారికి పని ఏమి?" అని అడుగవచ్చును. మన పూర్వులును ఒక మయసభ లోనికే వచ్చిరి. 1834 నుండి ఆరంభమైన ఒప్పందపు వలసలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల నుండి ఓడలెక్కి పోర్ట్ లూయీ రేవున దిగిరి. కోరంగి రేవు పేరున వారిని 'కొరంగీలు' అని పిలిచిరి. దిగినవారు ఎక్కిన మెట్లు ఆప్రవాసీ ఘాట్ యందు నేటికిని గలవు. 2006లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ ఆ స్థలమును ప్రపంచ వారసత్వముగా గుర్తించెను.

దిగినవారు చూచినదేమి? కనుచూపు మేర ఒకే పంట. అడవిని నరికి గీత గీసినట్లు నాటిన చెరకు. ఆవిరితో తిరుగు గానుగలు. ప్రొద్దు పొడవక మునుపే మ్రోగు గంట. తమది కాని భాష. విన్నది విన్నట్లు వ్రాసికొనిన గుమాస్తా చేతిలో రూపు మారిపోయిన తమ పేరు. పేరునకు ముందు ఒక సంఖ్య. ఒక దినము పనికి రానిచో రెండు దినముల కూలి కోయు 'డబుల్ కట్' అను శిక్ష. 1867 నాటి చట్టము వచ్చిన పిదప, ఒప్పందపు గడువు తీరిన వారును తమ ఛాయాచిత్రము గల పత్రమును వెంట నుంచుకొనవలసి వచ్చెను. అది లేక త్రోవలో చిక్కినచో నిర్బంధము. ఆ సంఖ్యల పుస్తకములు మోకా యందలి మహాత్మాగాంధీ సంస్థలో నేటికిని భద్రముగా నున్నవి. తన తాతగారి తండ్రి పేరు వెదకుచు వెళ్లినవారికి మొదట దొరకునది ఒక సంఖ్యయే.

మనుష్యుని సంఖ్యగా మార్చు కృత్రిమ లోకము కంప్యూటరుతో పుట్టలేదు. చెరకుతోటయే మన వారికి మొదటి యంత్రము.

ఆ యంత్రము నడుమ వారు చేసిన పనులు రెండు. మొదటిది, నలుగురు కలసి ప్రశ్నించుట. 1871లో ఆడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తోటయజమాని తోడుగా నిలువగా, గడువు తీరిన భారతీయ కూలీలు 9,401 మంది తమ కష్టములను విన్నవించుచు ఒక మహజరు సమర్పించిరి. ఆ తోడ్పాటునకు ఫలముగా అతడు వీథిలో దెబ్బలు తినెను. కాని ఆ మహజరు వలన 1872లో రాజవిచారణ సంఘము నియమింపబడెను. 1875లో దాని నివేదిక వెలువడెను. అన్ని కష్టములు అంతటితో తీరలేదు. అయినను సంఖ్యలుగా వ్రాయబడినవారు తమ నోటితో మాటాడిరి. నారదుని ప్రశ్నలను వారే అడిగిరి: కూలి కాలమునకు ముట్టుచున్నదా? దిక్కులేనివానిని చూచువారున్నారా?

రెండవది, దీపము వెలిగించుట. తోటలోని పాకల నడుమ దీపపుసెమ్మె నిలిపి, దాని చుట్టు తిరుగుచు రాత్రియంతయు రామభజనము చేసిరి. ఆ వలయములో ఎవనికిని సంఖ్య లేదు. చెరకు గంట ఎప్పుడు మ్రోగవలెనో యజమాని నిర్ణయించెను. తాళము ఎప్పుడు పడవలెనో వారే నిర్ణయించుకొనిరి. సింహాద్రి అప్పన్నకు మ్రొక్కులు మ్రొక్కిరి. చూచినవారికి అది చిన్న సంగతి. కాని గంటకు లోబడిన దేహము తాళమునకు లేచి ఆడినప్పుడు, తాను యంత్రపు భాగము కానని ఆ దేహమునకే తెలిసెను.

స్తంభములో దేవుడు

ఆ సింహాద్రి స్వామి వరాహ నారసింహుడు. నారసింహుడు ఎచ్చట నుండి వెలువడెను? కొండ గుహ నుండి కాదు, చెట్టు తొర్ర నుండి కాదు. హిరణ్యకశిపుని సభలోని స్తంభము నుండి. స్తంభము శిల్పులు చెక్కి నిలిపినది. అసురుని ఐశ్వర్యమునకు గురుతు. "ఇందును ఉన్నాడా?" అని తండ్రి అడుగగా, ఉన్నాడని బాలుడు చెప్పెను. ప్రకృతిలో మాత్రమే దేవుడు గలడని, మనుష్యుడు చేసిన వస్తువులో లేడని తలచువారికి ఈ కథయే సమాధానము. భాగవతము ఆ భేదమును అంగీకరింపదు.

అయినను తొందరపడరాదు. స్తంభము స్తంభమైనందున పూజనీయము కాలేదు. ప్రహ్లాదుని ఆర్తి ఎచ్చట వినబడెనో అచ్చట స్వామి వెలువడెను. కావున యంత్రమును చూచి చేతులు జోడింపనక్కరలేదు; హిరణ్యకశిపునివలె దానిని కొట్టనక్కరలేదు. దాని ప్రక్కన నిలిచిన బాలుడెవడో, దాని క్రింద నలిగినవాడెవడో చూడవలెను. అట్లు చూచు కన్నునకు స్తంభము అడ్డు కాదు.

మరల చాండ్లర్ వైపు చూడుడు. అచ్చట రాయి విసరినవారే గాక వేరొక విధముగా నడచుకొనినవారును గలరు. కంప్యూటరుల సమాచారమును దాచు పెద్ద భవనములు ఇండ్ల చెంత వెలసినవి. వాని చల్లబరచు యంత్రముల హోరు రాత్రింబవళ్లు ఆగక, ఇరుగుపొరుగువారికి నిద్ర కరవయ్యెను. వారు తలుపులు మూసికొని ఊరకుండలేదు. ఒకరినొకరు కలసికొనిరి, నగరసభకు వెళ్లి విన్నవించిరి, సంవత్సరముల కొలది విడువలేదు. చివరకు 2022లో నగరసభ, అట్టి భవనములను కట్టుటకు ముందే ధ్వనిపరీక్ష జరుపవలెనని నియమములు చేసెను. 2025 డిసెంబరులో మరియొక అట్టి భవనపు ప్రతిపాదన వచ్చినప్పుడు సభ్యులెల్లరు ఏకగ్రీవముగా నిరాకరించిరి. యంత్రముల వలననే ధనము సంపాదించిన ఊరు, ఏ యంత్రము ఎచ్చట ఉండవచ్చునో నిర్ణయించుకొనెను. నడుము కట్టి సభకు వెళ్లిన ఆ పొరుగువారికి నారదుని పేరు తెలియకపోవచ్చును. నడచినది ఆయన త్రోవయే. 1871 నాటి మహజరు త్రోవయు అదియే.

నేడు చేయదగినవి

మారిషస్ ద్వీపమున ఎబేన్ సైబర్ నగరము ఈ శతాబ్ది ఆరంభమున ఒకనాటి చెరకునేల పైననే లేచినది. ఒకప్పుడు తాతలు చెరకు నరికిన చోట నేడు మనుమలు తెరల ఎదుట కూర్చుండి పనిచేయుచున్నారు. కొందరు ఇంకను దూరము వెళ్లుదురు. తోట మారినది, మనుష్యుని సంఖ్యగా మార్చు ప్రమాదము మారలేదు. కావున మూడు సంగతులు ఇంటింట పాటింపదగినవి.

మొదటిది: చేసిన చేతిని తలచుట. ప్రతి యంత్రము వెనుకను కింకరులున్నారు. తెల్లని వస్త్రములో ముఖము దాగిన కార్మికుడు, గని త్రవ్వువాడు, రాత్రి మేలుకొని యుండువాడు. అన్నము ముందు కూర్చున్నప్పుడు పండించినవానిని తలచుట మన ఆచారము. అదే తలపును ఫోను చేతబట్టినప్పుడు తలచినచో, వస్తువు మరల మనుష్యుని వాసన వేయును.

రెండవది: కలసి ప్రశ్నించుట. క్రొత్తది వచ్చినప్పుడు "మంచిదా, చెడ్డదా?" అని వాదులాడుటకంటె "దీని వలన ఎవనికి అన్నము? ఎవనికి నిద్రాభంగము? ఎవడు నవ్వులపాలగుచున్నాడు?" అని అడుగుట మేలు. ఇంటిలోని ముసలివారు యంత్రము ఎదుట తడబడినప్పుడు నవ్వవలదు. మయసభలో నవ్విన నవ్వునకు పదునెనిమిది అక్షౌహిణులు మూల్యమైనవి. ప్రక్కన కూర్చుండి నెమ్మదిగా చూపుడు. అది పూజకంటె తక్కువ పని కాదు.

మూడవది: నిజరూప దర్శనము. సింహాచలమున స్వామి సంవత్సరమంతయు చందనపు పూతలో నుండును. అక్షయ తృతీయ నాడు ఒక్కదినమే ఆ పూత తొలగి నిజరూపము కానవచ్చును. పూత అబద్ధము కాదు, అదియు సేవయే. కాని ఆ ఒక్కదినమును మరచినచో పూతయే స్వామి యను భ్రమ కలుగును. మన దినములకును పూతలు అనేకము. వారమున ఒక సాయంకాలమైనను తెరలు ఆర్పి, దీపము వెలిగించి, ఒకరి ముఖమును ఒకరు చూచుకొనవలెను.

ఇచ్చట మన వారికే ఒక మాట చెప్పక తప్పదు. నేడు కొన్నిచోట్ల భజనము ధ్వనియంత్రము నుండి మ్రోగుచున్నది, పాడువారు లేరు. దీపము స్థానమున విద్యుద్దీపము వెలుగుచున్నది. పిల్లలకు పాటలోని తెలుగు అర్థము కాదు. అర్థము చెప్పువారికి తీరిక లేదు. అట్లైనచో కృత్రిమ లోకమును దూషించు అర్హత మనకెచ్చట? తప్పులతోనైనను పదిమంది గొంతెత్తి పాడిన పాట, తప్పులేని యంత్రపు పాటకంటె స్వామికి ప్రియమైనది. పిల్లవాడు "ఈ మాటకు అర్థమేమి?" అని అడిగినచో భజనమును క్షణకాలము ఆపి చెప్పినను దోషము లేదు. ఆ క్షణముననే భజనము ముందుతరమునకు చేరును.

చాండ్లర్‌కు నైరుతి దిక్కున మారికోపా పట్టణమున మహాగణపతి ఆలయము గలదు. ఎడారి దాటి అచ్చటికి వెళ్లి దీపము వెలిగించు కుటుంబములు గలవు. ఓడలో వచ్చిన కూలివాడును, విమానములో వెళ్లిన ఇంజనీరును వేరువేరు కాలముల వారు, వేరువేరు కష్టముల వారు. ఒకనికి సంకెల వంటి ఒప్పందము. మరియొకనికి వీసా గడువు. కాని తనను పేరు పెట్టి పిలుచు నలుగురు ఉన్నచోటును వెదకుకొనుట ఇద్దరికిని ఒక్కటియే. అచ్చటి వారు మన బంధువులు. మన పిల్లలు అట్టి ఊళ్లకు వెళ్లునప్పుడు, పెట్టెలో పచ్చడితోపాటు ఒక చిన్న దీపపుకుందిని కూడ ఉంచి పంపుడు. వారానికొకసారి ఫోనులో వారి క్షేమము అడుగుడు. తినిరా అని అడిగిన పిదప, ఎవరితో కలసి తినిరి అని కూడ అడుగుడు.

మయుడు కట్టిన సభ ఎచ్చట నున్నదో నేడు ఎవరును చూపలేరు. నారదుడు అడిగిన ప్రశ్నలు మాత్రము నిలిచియున్నవి. ఆ ప్రశ్నలను అడుగు ధైర్యమును, జవాబు వినుటకు ఓర్పును, దీపము చుట్టు మరియొకనికి చోటిచ్చు హృదయమును సింహాద్రి అప్పన్న స్వామి ఎల్లరకును ప్రసాదించుగాక.

సర్వే జనాః సుఖినో భవన్తు.